విజయవాడ గవర్నర్‌పేట వినికిడి మిషన్ షాపు: ముందు అమ్మతోనే మాట్లాడారు

మా అమ్మకి 74. రెండు చెవులూ మెల్లమెల్లగా మందగించాయి. ఇంతకుముందు వేరే చోటికి తీసుకెళ్తే అక్కడి అబ్బాయి ఆవిడ వైపు చూడను కూడా చూడకుండా "ఈ వయసులో మామూలే సార్, తక్కువ రకం చాలు" అని నాతో అన్నాడు. ఆ మాట మాత్రం అమ్మకి స్పష్టంగా వినపడింది. ఇంటికొచ్చాక "నాకిప్పుడు ఇవన్నీ ఎందుకురా" అంది. ఒకప్పుడు ఆకాశవాణి విజయవాడ భక్తిరంజనితో తెల్లారే మనిషి రేడియో పెట్టడమే మానేసింది, పెళ్ళిళ్ళకి రానంటోంది, ఫోన్ మోగితే నా చేతిలో పెట్టేస్తోంది.

ఈ షాపులో ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే) మేడమ్ కుర్చీ లాక్కుని అమ్మకి ఎదురుగా కూర్చుంది. అరవకుండా, పెదాలు కనపడేలా, మామూలు గొంతుతో "మీకు ఏం వినాలనుందమ్మా?" అని అడిగింది. మా అన్నయ్య జవాబు అందుకోబోతే "అమ్మగారినే చెప్పనివ్వండి" అని మర్యాదగా ఆపింది. అమ్మ కాస్త ఆలోచించి భక్తిరంజని అంది, తర్వాత మనవరాలి ఫోన్ అంది.

పరీక్ష గదిలో బాగా టైమ్ తీసుకున్నారు. తర్వాత గ్రాఫ్ అమ్మకే చూపించి చెప్పారు: వయసుతో వచ్చే చెవుడులో ముందు సన్నటి శబ్దాలు పోతాయి, అచ్చులు వినపడతాయి కానీ స, త, ఫ లాంటివి జారిపోతాయి, అందుకే మాట వినపడుతున్నట్టే ఉండి అర్థం కాదు, పక్కవాళ్ళు గట్టిగా అరిచినా పెద్ద లాభం ఉండదు. అది విని అమ్మ "అయితే నా బుర్ర పాడవలేదన్నమాట" అంది. ఇన్నాళ్ళూ ఆవిడ లోపల పెట్టుకున్న భయం అదేనని మాకప్పుడే తెలిసింది. ఈ ఒక్క మాటకే నేను అయిదు స్టార్లు ఇచ్చేస్తాను.

ఇది ఊరికే మంచి మర్యాద అనుకోకండి. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో బెక్కా లెవీ అనే పరిశోధకురాలు 70 దాటినవాళ్ళకి వినికిడి పరీక్ష చేసి, మూడేళ్ళ తర్వాత మళ్ళీ చేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. ముసలితనం గురించి మొదటినుంచీ చెడుగా అనుకున్నవాళ్ళలో వినికిడి ఎక్కువగా తగ్గింది. అంతకుముందు 2002లో, ఒహాయోలో 50 దాటిన 660 మంది వివరాలు చూస్తే, తమ వయసు గురించి మంచిగా అనుకున్నవాళ్ళు సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. మంచిగా అనుకుంటే పోయిన చెవి తిరిగొస్తుందని కాదు, లోపలి చెవిలో దెబ్బతిన్న కణాలు మళ్ళీ పుట్టవు, మిషన్ పెట్టుకోవాల్సిందే. కానీ "ఈ వయసులో ఇంతే" అనుకునే మనిషి ఆ మిషన్‌ని సొరుగులో పడేస్తుంది. పెద్దవాళ్ళకి ఆ మాట నేర్పేది చాలావరకు మనమే, షాపులవాళ్ళూ, ఆసుపత్రులవాళ్ళూ, ఇంట్లోవాళ్ళూ.

మిషన్ ఇచ్చాక అలవాటు చేసే పద్ధతి కూడా నచ్చింది. మొదట రోజూ కాసేపు ఇంట్లోనే పెట్టుకుని, ఏ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో గమనించి చెప్పమన్నారు. పేపర్ పైకి చదవమన్నారు. మొదట్లో గిన్నెల చప్పుడికి అమ్మ విసుక్కుని తీసేసేది. తర్వాత తనే "పక్కింటివాళ్ళ కుళాయి కారుతోంది, చెప్పు" అనడం మొదలెట్టింది. ఇప్పుడు ఫోన్ నాకివ్వదు, పైగా స్పీకర్ కూడా పెట్టనివ్వదు.

లోటుపాట్లు: ఖరీదు ఎక్కువే, రెండు చెవులకీ కలిపి 60 వేలు దాటింది. బైకు పెట్టుకోవడానికి కూడా జాగా దొరకదు, పెద్దవాళ్ళని ఆటోలో తీసుకెళ్ళడమే నయం. ఏలూరు రోడ్డు హారన్ల మధ్యా, కల్యాణ మండపంలో మైకుల మధ్యా మాట పట్టుకోవడం అమ్మకి ఇంకా కష్టంగానే ఉంది. ఈ సంగతి కొనేముందే చెప్పారు కాబట్టి తప్పు పట్టను. సెట్టింగులు సరిచేయడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, దానికి మాత్రం డబ్బు తీసుకోలేదు.

వెళ్ళేవాళ్ళు పొద్దున పూట అపాయింట్‌మెంట్ అడగండి, సాయంత్రానికి పెద్దవాళ్ళు అలిసిపోతారు, పరీక్ష సరిగ్గా రాదు. వాళ్ళు ప్రశ్న అడిగినప్పుడు జవాబు మీ అమ్మానాన్నల్నే చెప్పనివ్వండి, ఎంత ఆలస్యమైనా సరే.