డీవీడీ, బ్లూ-రే, 4కే: ఏ సినిమాకి ఏది మేలు?

"ఈ సినిమా డిస్క్ కొనుక్కోవచ్చా, కొంటే బ్లూ-రేనా 4కేనా, ఓటీటీలో ఉండగా అసలు కొనడం దేనికి?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది, అడిగేది దాదాపు ప్రతిసారీ కొత్త సినిమా గురించే. పెద్ద గ్రాఫిక్స్, పెద్ద ఫైట్లు కాబట్టి హెచ్‌డీలో దాచుకోవాలంటారు. యాభై అరవై ఏళ్ల నాటి సినిమాకి మాత్రం డీవీడీ చాల్లే, అంతకంటే అందులో ఏం కనిపిస్తుంది అంటారు. నా లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది.

అంకెలు చాలామందికి తెలిసినవే. డీవీడీ బొమ్మ 720 బై 480 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), కొన్ని దేశాల్లో 480 బదులు 576. బ్లూ-రే 1920 బై 1080. 4కే 3840 బై 2160. అట్ట మీద గొప్పగా వేసేది ఇవే, కానీ ఇవి డిస్కులో ఎంత పడుతుందో చెప్తాయి గానీ సినిమాలో ఎంత ఉందో చెప్పవు.

అందుకే నేను మొదట చూసేది సినిమాని దేని మీద తీశారు, చివరి మాస్టర్ (కాపీలన్నిటికీ మూలమైన పూర్తయిన ప్రతి) ఎంత రిజల్యూషన్‌లో, అంటే ఎన్ని పిక్సెళ్లతో తయారైంది అన్నదే. 35 ఎంఎం ఫిల్మ్‌కి పిక్సెళ్ల లెక్క ఉండదు గానీ, మంచి లెన్సుతో జాగ్రత్తగా ఫోకస్ పెట్టి తీసిన నెగటివ్‌లో (కెమెరాలో ఆడిన అసలు ఫిల్మ్‌లో) 1080ని దాటిన వివరం ఉంటుంది. పైగా అప్పట్లో థియేటర్లలో ఎక్కువగా ఆడినవి నెగటివ్ నుంచి కాపీ, దాన్నుంచి మరో కాపీ, దాన్నుంచి ప్రింట్ అలా వచ్చినవి, ఒక్కో మెట్టులో కాస్త కాస్త పదును పోతూ ఉండేది. ఇప్పుడు ఒరిజినల్ నెగటివ్‌నే స్కాన్ చేస్తే, విడుదలైన రోజున టికెట్ కొని చూసినవాళ్లకి కూడా కనపడని బట్ట నేత, నుదుటి మీద చెమట మనకి ఇంట్లో కనపడతాయి.

లారెన్స్ ఆఫ్ అరేబియా 1962 నాటిది. దాన్ని 65 ఎంఎం నెగటివ్ మీద తీశారు, మామూలు 35 కంటే చాలా పెద్ద ఫ్రేము అది. దాన్ని 8కేలో స్కాన్ చేసి, 4కేలో బాగుచేసి 2012లో మళ్లీ తెచ్చారు. ఎండమావిలోంచి దూరంగా చుక్కలా మొదలై దగ్గరికి వచ్చే మనిషి ఉన్నాడే, ఆ సీన్‌కి ఆ చుక్కే ప్రాణం, డీవీడీలో దాని వాటాకి వచ్చేవి ఏవో కొద్ది పిక్సెళ్లు. ఇలాంటి సినిమాకి 4కే కొనండి, ఆలోచించక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 28 డేస్ లేటర్. 2002లో వచ్చింది, అంటే నలభై ఏళ్లు చిన్నది. చాలావరకు కానన్ ఎక్స్‌ఎల్1 అనే మినీ డీవీ (చిన్న వీడియో టేపు) కెమెరాతో తీశారు, అంటే పుట్టుకతోనే డీవీడీ స్థాయి బొమ్మ. కావాలనే అలా తీశారు, ఆ గరుకుతనం సినిమాకి నప్పింది కూడా. కానీ హెచ్‌డీలో కొంటే కొత్తగా కనపడేది పెద్దగా ఏమీ ఉండదు, చివర్లో 35 ఎంఎం మీద తీసిన కొద్ది భాగం తప్ప.

ఈ రెండింటి మధ్యా పెద్ద గుంపే ఉంది. 2000 తర్వాత చాలా ఏళ్లపాటు ఎన్నో సినిమాలని కంప్యూటర్లో కలర్ సరిచేసి 2కేలో (దాదాపు బ్లూ-రే అంత) ముగించారు, గ్రాఫిక్స్ ఎక్కువున్నవి మరీను, ఎందుకంటే 4కేలో గ్రాఫిక్స్ తయారు చేయాలంటే ఒక్కో ఫ్రేముకి నాలుగింతల పిక్సెళ్లు. వాటి 4కే డిస్క్ అంటే ఎక్కువసార్లు ఆ 2కేనే సాగదీసి ఇచ్చిందే. 4కే డిస్కుల్లో ఉండే హెచ్‌డీఆర్ వల్ల వెలుగు, చీకటి, రంగుల్లో తేడా నిజంగానే వస్తుంది, కాదనను, కానీ దానికి బాగా వెలుతురిచ్చే టీవీ కావాలి. చవక టీవీల్లో హెచ్‌డీఆర్ చాలావరకు మెనూలో కనపడే పేరే. వీటికి బ్లూ-రే చాలు.

మంచి నెగటివ్ ఉంది కదా అని డిస్క్ బాగుంటుందన్న నమ్మకం లేదు, డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. ఫిల్మ్‌లో బొమ్మ తయారయ్యేదే గ్రెయిన్‌తో, అంటే సన్నని రేణువులతో. దాన్ని నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేస్తే చర్మం మీది గీతలు, గడ్డం వెంట్రుకలు కూడా దాంతోపాటే పోతాయి. 1987 నాటి ప్రెడేటర్‌కి 2010లో వచ్చిన బ్లూ-రే ఈ విషయంలో బాగా పేరుమోసింది, అడవిలో చెమటోడుతున్న సైనికులు అందులో మైనపు బొమ్మల్లా నున్నగా ఉంటారు. అందుకే రివ్యూలో "గ్రెయిన్ అసలు లేదు, నిన్న తీసినట్టుంది" అని పొగిడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. నేను వెతికేది ఒరిజినల్ నెగటివ్ నుంచి స్కాన్ చేశారా, ఆ స్కాన్ ఎప్పటిది, డైరెక్టరో కెమెరామనో దగ్గరుండి చూశారా అని. స్క్రీన్‌షాట్లు దొరికితే దగ్గరి షాట్‌లో ముఖం, దూరపు షాట్‌లో ఆకులు చూడండి. నల్లటి వస్తువుల అంచు చుట్టూ తెల్లటి గీత ఉంటే పదును కృత్రిమంగా పెంచారన్నమాట.

ఇక ఓటీటీ. అక్కడ 4కే అంటే సెకనుకి సుమారు 15 నుంచి 25 మెగాబిట్లు. బ్లూ-రే వీడియో 40 దాకా వెళ్లగలదు, 4కే డిస్క్ అయితే 100 దాటగలదు. శుభ్రంగా ఉండే డిజిటల్ బొమ్మకి ఆ కొద్ది డేటా సరిపోతుంది. గ్రెయిన్‌కి సరిపోదు, ఎందుకంటే కంప్రెషన్ (డేటాని కుదించడం) చేసే పనే ముందటి ఫ్రేముతో పోల్చి మారినదాన్ని మాత్రం దాచుకోవడం, గ్రెయినేమో ప్రతి ఫ్రేములోనూ కొత్తగా ఉంటుంది. డేటా చాలనప్పుడు మొదట పోయేది అదే, మిగిలేది మెల్లగా కదిలే మసక. పొగ, వాన, మంచు ఉన్న సీన్లదీ ఇదే బాధ. కాబట్టి కొత్త డిజిటల్ సినిమాని ఓటీటీలో చూస్తే నేను పోగొట్టుకునేది తక్కువ, ఫిల్మ్ సినిమాకే డిస్క్ కావాలి.

టీవీ సైజు సంగతి కూడా ఉంది. మామూలు చూపుతో 50 అంగుళాల టీవీకి రెండు మీటర్లు దాటి కూర్చుంటే కన్ను 1080 పిక్సెళ్లనే విడదీసి చూడలేదు, ఇక 4కేలో అదనపు పిక్సెళ్లు ఎక్కడ తెలుస్తాయి? డీవీడీకీ బ్లూ-రేకీ తేడా మాత్రం ఆ దూరంలోనూ తెలుస్తుంది. ప్రొజెక్టర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. సౌండ్ విషయంలో బ్లూ-రే, 4కే డిస్కులదే పైచేయి, డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో లాంటి లాస్‌లెస్ (అసలు సౌండ్‌లో ఏమీ పోని) ట్రాకులుంటాయి, ఓటీటీలో వచ్చేది కుదించిన సౌండ్. టీవీ స్పీకర్లతో వినేవాళ్లు ఈ సంగతి వదిలేయండి.

వేరే దేశం నుంచి తెప్పించేవాళ్లు గమనించాల్సింది, బ్లూ-రేకి ఏ, బీ, సీ అని రీజియన్లున్నాయి, ఒక రీజియన్ డిస్క్ మరో రీజియన్ ప్లేయర్‌లో ఆడకపోవచ్చు, 4కే డిస్కులకి ఆ గొడవ లేదు.

డిజిటల్‌గా "కొనడం" గురించి ఎక్కువ చెప్పను. చేతికొచ్చేది చూసే అనుమతి మాత్రమే, అమ్మినవాళ్లకి ఆ సినిమా హక్కులు పోతే మన లిస్టులోంచి కూడా మాయం కావచ్చు. ఒకసారి చూసి వదిలేసే సినిమాకి అద్దె చవక.

డీవీడీలు మాత్రం పారేయకండి. హెచ్‌డీలో రాని సినిమాలు ఇంకా బోలెడున్నాయి, వీడియో టేపు మీద తీసిన పాత సీరియళ్లకి అంతకంటే అక్కర్లేదు, ఇప్పటి 4కే ప్లేయర్లు వాటిని కూడా ఆడిస్తాయి. ఒకే సినిమా బ్లూ-రే కొన్నా సరే, పాత డీవీడీని ఎవరికైనా ఇచ్చేముందు మెనూ ఒకసారి తిరగేయండి, అందులో ఉన్న కామెంటరీ, తీసేసిన సీన్లు కొత్తదాంట్లో కొన్నిసార్లు ఉండవు.