నిచ్చెన మీద పనికొచ్చేది: లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్, కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతిలో లాడ్జీలకు, షాపులకు సీసీ కెమెరాలు, నెట్ కేబుళ్లు బిగించే పని నాది. సొంతూరు పాకాల దగ్గర. అక్కడ నాయన మామిడి తోట, ఆవులు చూసుకుంటుంటాడు. వారమంతా టౌన్లో, సెలవొస్తే తోటలో. రెండు చోట్లా నా బెల్టుకు వేలాడేది లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ అనే మల్టీటూల్. కొని చాలా ఏళ్లే అయింది. కొత్తలో దాని డబ్బా మీద ఉన్న లెక్క చూసి అందరూ మురిసిపోతారు: ఒక్క దాంట్లోనే 18 పనిముట్లని. వాడగా వాడగా ఆ లెక్కను ఎవరూ పట్టించుకోరు. ఏది బయట ఉంది, ఏది లోపల ఉంది, తీయడానికి ఒక చెయ్యి చాలా, రెండు కావాలా? దీని మంచిచెడ్డలన్నీ ఈ ప్రశ్న దగ్గరే తేలతాయి.

ఎందుకంటే అసలు పనిముట్ల సంచి నా వెంట ఎప్పుడూ ఉంటుంది. కాకపోతే నేను నిచ్చెన పైమెట్టు మీద ఉంటే అది కింద ఉంటుంది. ఒక చేత్తో కెమెరానో, పైపునో పట్టుకుని ఉంటాను. ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యి. ఆ చేతికి అందేదే పనిముట్టు.

మడిచి పెడితే ఇది సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 241 గ్రాముల బరువు. రెండు పిడులూ విప్పితే మధ్యలోంచి ప్లేయర్ బయటికొస్తుంది. పిడుల బయటి వైపు నాలుగు ఉంటాయి: నున్నటి అంచు చాకు, పళ్ల అంచు చాకు, రంపం, ఆకురాయి. ఈ నాలుగింటికీ పిడులు విప్పే పని లేదు. చాకుల్ని బొటనవేలితో తోస్తే ఒంటి చేత్తోనే తెరుచుకుని లాకైపోతాయి. 1998లో మొదటి వేవ్ వచ్చినప్పుడు గొప్పగా చెప్పుకున్న సంగతి ఇదే. 2004లో దాన్ని మార్చి మళ్లీ తెచ్చారు. 2018లో వచ్చిన ప్లస్‌లో వైరు కోసే అంచుల్ని విడిగా మార్చుకునే ఏర్పాటు పెట్టారు. కత్తెర, స్క్రూడ్రైవర్లు, డబ్బా ఓపెనర్ మాత్రం ఇప్పటికీ పిడుల లోపలే ఉన్నాయి. నా పేచీ అక్కడే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ప్లేయర్ సంగతి. ఈ కంపెనీ పుట్టిందే ప్లేయర్ కోసం. 1975లో టిమ్ లెదర్‌మ్యాన్ అనే అమెరికా ఇంజనీరు భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. దారిలో కారుకు రిపేర్లు, హోటల్ గదుల్లో కుళాయిల రిపేర్లు. జేబులో చాకు ఉంది, ప్లేయర్ లేదు. తిరిగొచ్చాక ఏళ్లపాటు నమూనాలు చేసి, చివరికి 1983లో మొదటిది అమ్మాడు. స్విట్జర్లాండ్ వాళ్ల ఎర్రపిడి చాకుల్లో చాకు ఇంటి యజమాని, మిగతావన్నీ అద్దెకు దిగినవి. ఇందులో ఆ యజమాని స్థానం ప్లేయర్‌ది. చేతిలోకి తీసుకోగానే ఆ తేడా తెలుస్తుంది.

నిజంగానే ఈ ప్లేయర్ మంచిది. ముక్కు సన్నగా ఉండి ఇరుకు సందుల్లోకి పోతుంది, వెనక భాగం వెడల్పుగా ఉండి పట్టు ఇస్తుంది. పైపులో ఇరుక్కున్న కేబుల్ కొస పట్టి లాగడానికి, తల అరిగిపోయి స్క్రూడ్రైవర్‌కు లొంగని స్క్రూ తిప్పడానికి, వానకు తుప్పు పట్టిన క్లాంపు ఊడదీయడానికి దీన్నే వాడతాను. గట్టిగా నొక్కినా పిడి అరచేతిలో దిగబడదు. లోపం ఏమిటంటే స్ప్రింగ్ లేదు. నొక్కిన ప్రతిసారీ వేళ్లతో మళ్లీ విప్పుకోవాలి. ఒకటి రెండు కోతలకు ఇది తెలియదు. లాడ్జిలో అంతస్తు మొత్తానికి కేబుల్ టైల కొసలు కత్తిరించే రోజున మాత్రం వేళ్లు పీకుతాయి. ఇదే కంపెనీ వింగ్‌మ్యాన్ అనే మోడల్‌లో స్ప్రింగ్ ఉంది. కానీ అది చిన్నపాటి పనులకు చేసిన వస్తువు.

ఇక్కడ కరెంటు పని చేసేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది తల నుంచి తోక దాకా ఉక్కు, పిడికి ఇన్సులేషన్ లేదు. తోటలో బోరు స్టార్టర్ పెట్టెలోకి వచ్చేది త్రీఫేజ్, 415 వోల్టులు. దాని మూత తీసేటప్పుడు మల్టీటూల్ బెల్టులోనే ఉండాలి, చేతిలో ఉండాల్సింది టెస్టరు, రబ్బరు పిడి కటింగ్ ప్లేయరు. ఊళ్లో నాయన "ఒరే, ఆ అమెరికా ప్లేయరు ఇట్లియ్యి" అని చెయ్యి చాపితే, ఏ పనికో కనుక్కున్నాకే ఇస్తాను.

వైరు కోసే అంచులు మార్చుకోవచ్చన్నది మా పనికి పెద్ద సుఖం. క్యాట్ 6 అనే నెట్ కేబుల్‌కు ఏ అంచైనా చాలు. కంచెకు కట్టే జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) వచ్చేసరికి అంచు గాట్లు పడుతుంది. ఆ గట్టి తీగ కోసమే ప్లేయర్ మొదట్లో వేరే గాడి ఉంది, దాంట్లో పెట్టి కోయాలి. వైరు తోలు ఒలవడానికి పెట్టిన గాడి మాత్రం పేరుకే ఉంది. సన్నపోగుల వైరుకు చాకే నయం. వైరు కొసను నొక్కి బిగించే క్రింపర్ ఉంది కదా అని, నెట్ కేబుల్ కొసకు వేసే ఆర్‌జే 45 జాక్ కొట్టొచ్చని ఆశపడకండి, దానికి వేరే క్రింపింగ్ టూల్ కావాల్సిందే.

స్క్రూడ్రైవర్ దగ్గర డిజైన్ తెలివి, డిజైన్ మొండితనం రెండూ కనిపిస్తాయి. బిట్టు, అంటే స్క్రూ గాడిలో దూరే ముక్క, మార్చుకోవచ్చు, ఒక్కో బిట్టుకు రెండు కొసలూ పనికొస్తాయి. బాగుంది. అయితే ఆ బిట్లు బల్లపరుపుగా ఉంటాయి, వాళ్లవి వాళ్లకే. మన బజారులో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే ఆరుపలకల బిట్టు ఇందులో పట్టదు. డోమ్ కెమెరాల మూతలకు ఆరు కొనల నక్షత్రం గాడి (టార్క్స్) స్క్రూలు వస్తాయి. అవి విప్పాలంటే విడిగా అమ్మే బిట్ల కిట్టు కొనుక్కోవాలి. అందులో 21 బిట్లుంటాయి, అంటే 42 కొసలు. ఆ కిట్టు లేనిదే ఈ స్క్రూడ్రైవర్ సగమే. రెండోది, పొడవు చాలదు. లోతుగా ఉన్న స్క్రూను అందుకునేలోపే లావు పిడి అడ్డుపడుతుంది. గోడ మూలన ఉన్న స్విచ్ బోర్డుకైతే పిడి గోడకు కొట్టుకుని పూర్తి చుట్టు తిరగదు, పావు చుట్టు చొప్పున తిప్పుకోవాలి. పొడిగించే కడ్డీ కూడా విడిగా దొరుకుతుంది. అన్నీ కొనుక్కుంటూ పోతే సంచి మళ్లీ తయారవుతుంది.

కత్తెర నాకు అన్నిటికంటే ఇష్టం. బొటనవేలంత ఉంటుంది, స్ప్రింగుతో పనిచేస్తుంది. టేపు, కేబుల్ టై, పాల ప్యాకెట్, మందు బిళ్లల అట్ట, చొక్కా దారం, దేన్నైనా శుభ్రంగా కోస్తుంది. రోజులో ఎక్కువసార్లు తీసేది దీన్ని, ఆ తర్వాత స్క్రూడ్రైవర్‌ని. వాటిని మాత్రం లోపల దాచారు. పిడులు విప్పి, గోటితో లాగి, పక్కనున్నవి వెంట రాకుండా నొక్కిపట్టి తీయాలి. రెండు చేతుల పని. నేనెప్పుడో కాని తీయని పళ్ల అంచు చాకు మాత్రం దర్జాగా బయట కూర్చుని ఉంది. ఆ చోటు కత్తెరకు ఇచ్చి ఉంటే ఈ టూల్ విలువ నా దృష్టిలో రెట్టింపయ్యేది. పళ్ల చాకుకు పని లేదనను. డ్రిప్పు పైపు, ప్లాస్టిక్ తాడు, గోనె సంచి దాంతోనే బాగా తెగుతాయి. తోటలో ఉన్న రోజు దాని విలువ తెలుస్తుంది, టౌన్లో అది ఉత్త బరువు.

నున్నటి చాకు 420హెచ్‌సీ అనే ఉక్కు. పదును త్వరగానే తగ్గుతుంది, అంతే త్వరగా మామూలు సానరాయి మీద మళ్లీ వస్తుంది. సాన పట్టడం రాని వాళ్లకు ఇది లోటు, వచ్చిన వాళ్లకు వరం. మామిడి కాలంలో నా చాకుకు తీరిక ఉండదు. తోతాపురి కాయ కోసి ఉప్పూకారం అద్దుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. కోసి అలాగే మడిచేస్తే మాత్రం సొన ఇరుసులో గట్టిపడి చాకు బిగుసుకుపోతుంది. పులుపుకు అంచు మీద మచ్చలూ వస్తాయి. కొబ్బరినూనె గుడ్డతో సొన తుడిచి, వేణ్నీళ్లలో పాత బ్రష్షుతో తోమి, ఆరాక ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తాను. నవంబరు వానల్లో ఈ సేవ ఇంకొంచెం తరచుగా చేయాలి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు రాదని కాదు, ఆలస్యంగా వస్తుందని.

రంపం అనుకున్నదానికంటే పనిమంతురాలు. పీవీసీ పైపు, మామిడి చిటారు కొమ్మ, పొద్దున వేపపుల్ల. ఆకురాయి పైపు కోసిన అంచు నున్నగా చేయడానికి సరిపోతుంది. పిడి మీది స్కేలు ఉందంటే ఉంది. డబ్బా ఓపెనర్‌తో నాకు ఇంతవరకూ పని పడలేదు. మామిడి గుజ్జు డబ్బాల్లోకెక్కేది మా చిత్తూరు ఫ్యాక్టరీల్లోనే అయినా, మా ఇళ్లలో డబ్బా కోసుకుని తినేదెవరు? చిన్నదైనా ఒక దబ్బనం ఉంటే బాగుండేది. బెల్టుకు కొత్త రంధ్రం వేయాలన్నా, గోనె సంచి కుట్టాలన్నా అదే కావాలి. వేవ్‌లో అది లేదు.

జేబులో పెట్టుకునే వస్తువేనా అంటే, పెద్దగా కాదు. ప్యాంటు జేబులో వేసి బండెక్కితే తొడకు గుచ్చుకుంటుంది, చొక్కా జేబులో వేస్తే జేబు జారుతుంది. దీని చోటు బెల్టు పౌచే. పంచె కట్టే నాయనకు అందుకే ఇది నచ్చలేదు, పెట్టుకునే చోటు లేదని. ఇంట్లో వాడకానికైతే ఆ స్విట్జర్లాండ్ ఎర్రపిడి చాకులు చేసే విక్టోరినాక్స్ వాళ్ల 58 మిల్లీమీటర్ల బుల్లి క్లాసిక్ చాలు. తాళాల గుత్తికి తగిలిస్తే ఉందనే తెలియదు, కత్తెర కూడా ఉంది. అమ్మ దగ్గర ఉన్నది అదే, మా ఇద్దరిలో ఎక్కువ వాడేది కూడా ఆమే అని నా అనుమానం.

తిరుపతిలో ఉండేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది, వేరే ఊళ్లవాళ్లకు ఇది తట్టదు. కొండకు పోవాలంటే అలిపిరి దగ్గర తనిఖీ. బస్సయినా, సొంత బండయినా, మెట్లదారిలో నడిచినా సంచి చూపించాలి. చాకు ఉన్న వస్తువు పైకి పోదు. బెల్టుకు కట్టుకుని అలవాటైన మనిషికి అక్కడ టెన్షన్ తప్పదు. బయల్దేరేటప్పుడే ఇంట్లో తీసి పెట్టడం ఒక్కటే మార్గం. రేణిగుంటలో విమానం ఎక్కినా అంతే. చేతి సంచిలో కుదరదు, లగేజీలో వేసి పంపాలి.

నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు దీన్ని చూసినప్పుడల్లా అంటాడు, "అన్నా, ఆ డబ్బుతో పెద్ద టూల్ కిట్టే వస్తుంది గదా" అని. వస్తుంది. నేల మీద నిలబడి పనిచేసేవాడికి ఆ కిట్టే మేలు. అందులోని ఒక్కో పనిముట్టూ దీనిలోని దానికంటే బాగా పనిచేస్తుంది. ఇంట్లో ఎప్పుడో కుళాయి కారితే, ఫ్యాను ఊగితే అవసరం పడుతుందని కొనేవాళ్లు కూడా కటింగ్ ప్లేయర్, టెస్టర్, స్టార్ స్క్రూడ్రైవర్ తెచ్చుకుని ఊరుకోవచ్చు. ఎత్తుల మీద, తోటల్లో, సంచికి దూరంగా పని ఉన్నవాళ్లకు మాత్రం ఇంత డబ్బు పెట్టడం దండగ అనను.

2019లో ఇదే కంపెనీ ఫ్రీ అనే వరస తెచ్చింది. అందులో పీ4 మోడల్‌కు పిడుల్లో అయస్కాంతాలు పెట్టి, కత్తెరతో సహా పనిముట్లన్నీ బయటి నుంచే, ఒంటి చేత్తో తీసేలా చేశారు. నేను ఇన్నేళ్లుగా గొణిగినదే వాళ్లూ ఎక్కడో విన్నట్టుంది. కొత్తగా కొనేవాళ్లు రెండింటినీ చేతిలో పట్టుకుని, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కత్తెర తీసి చూడండి. ఏది కొన్నా బిల్లు ఇచ్చే చోటే కొనండి. ఈ కంపెనీ గ్యారంటీ 25 ఏళ్లు, బజారులో అచ్చు ఇలాగే ఉండే నకిలీలూ ఉన్నాయి. బిట్ల కిట్టుకు కూడా డబ్బు పక్కన పెట్టుకోండి.