849 రూపాయల సైన్స్ పెట్టె, మా కడప బండ మీద మచ్చ

మే నెలలో కడపలో పదకొండు దాటితే పిల్లల్ని గడప దాటనివ్వలేం. సాయంత్రం ఐదున్నర దాకా అందరం ఇంట్లోనే. నేను బ్లౌజులు కుడతాను, అది పెళ్లిళ్ల సీజన్. పక్కన ఏడో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి పిల్లోడు ఫోన్ కోసం జుట్లు పట్టుకుంటుంటే తట్టుకోలేక ఆన్‌లైన్‌లో ఒక సైన్స్ పెట్టె తెప్పించాను. 849 రూపాయలు.

పెట్టె మీద '50కి పైగా ప్రయోగాలు' అని రాశారు. మా పెద్దది కూర్చుని లెక్కపెడితే పద్నాలుగు తేలాయి. అగ్నిపర్వతాన్నే ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో చేస్తే మూడు ప్రయోగాలట! పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది, తెలుగు లేదు. పెద్దది చదివి చెప్తుంటే చిన్నోడు చేసేవాడు. చెప్పింది పూర్తిగా వినకుండానే చేసేవాడు, అక్కడే వచ్చింది చిక్కు.

మొదటిరోజే అగ్నిపర్వతం. వంటసోడా మీద నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోస్తే నురగ పొంగుతుంది. పుస్తకంలో ఒక చెంచా నిమ్మ ఉప్పు అని ఉంటే మావాడు ప్యాకెట్ మొత్తం దులిపేశాడు. అది పొంగి హాల్లో నేల మీదికి పారింది. మాది పాలిష్ పట్టిన నల్ల కడప బండ. తుడవడం సాయంత్రానికి గానీ కుదరలేదు. తుడిచాక చూస్తే అరచేయంత మేర మెరుపు పోయి తెల్లగా పాలిపోయింది.

"ఏందే ఇది, బంగారమట్టా బండను పాడు చేస్తిరే!" అని జేజి, అంటే మా అత్తగారు, రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

కానీ నిజం చెప్పాలంటే, ఆ మచ్చ వల్లే పెట్టెలో లేని మంచి ప్రయోగం ఒకటి దొరికింది. కడప బండ సున్నపురాయి కదా, పులుపు తగిలితే కరుగుతుంది. పెరట్లో మిగిలిన బండ ముక్క మీద, వంటింటి గ్రానైట్ గట్టు మీద చెరొక చుక్క నిమ్మరసం వేయించాను. పెట్టెలో వచ్చిన భూతద్దం పెట్టి చూస్తే బండ మీద ఆవగింజ కన్నా చిన్న బుడగలు లేస్తున్నాయి. గ్రానైట్ మీద ఏమీ లేదు. "గుడ్డు పెంకు మీద కూడా బుడగలొస్తాయా?" అంది పెద్దది. వచ్చాయి. గుడ్డును వెనిగర్‌లో ఒక రోజు ఉంచితే పెంకు మొత్తం పోయి, పట్టుకుంటే రబ్బరు బంతిలా మెత్తగా అయింది. సంక్రాంతి సెలవుల్లో చూసిన బెలుం గుహలు కూడా సున్నపురాయిని నీళ్లు తొలిచేసినవే అని చెబితే, చిన్నోడు హాల్లో మచ్చను చూపించి "ఇది మన గుహ" అన్నాడు. జేజి వినలేదు, అదృష్టం.

లిట్మస్ కాగితాలు ఆరే ఇచ్చారు. ఇద్దరు పిల్లలకు ఆరు కాగితాలంటే పది నిమిషాల్లో గొడవే. అందుకని పసుపు నీళ్లలో తెల్ల కాగితం ముంచి ఆరబెట్టి ముక్కలు కోసిచ్చాను. సబ్బు నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పడితే మళ్లీ పసుపు. ఇది నాకు ఎప్పటినుంచో తెలుసు: పసుపు మరకున్న తెల్ల లైనింగ్‌కి సబ్బు పెట్టి భయపడిపోయిన రోజులున్నాయి. అప్పుడే జేజి అలక మాని దగ్గరికొచ్చింది. దిష్టి తీసే ఎర్ర నీళ్లు పసుపూ సున్నమేగా, దీనికి పెట్టెందుకు, అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నిమ్మకాయ బ్యాటరీ విషయంలో పుస్తకం సరిగ్గా చెప్పలేదు. రెండు కాయలతో బల్బు వెలుగుతుందన్నారు. ఒక్కో కాయకు రాగి, జింకు పలకలు గుచ్చితే ఒక వోల్టుకు కాస్త తక్కువే వస్తుంది, ఎర్ర ఎల్‌ఈడీకి దాదాపు రెండు కావాలి. రెండింటితో మినుకు కూడా లేదు. నాలుగు కాయలు వరసగా కలిపితే, తలుపులు మూసి చూస్తే వెలిగింది. వేసవిలో నిమ్మకాయ ధర తెలుసుగా! పైగా పలకలు గుచ్చిన కాయల్లో లోహం దిగుతుంది, షర్బత్‌కి వాడకూడదు. నాలుగూ పారేశాం.

థర్మామీటర్ మాత్రం బాగుంది. వసారాలో 41 చూపించింది. దాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ కింద పెడితే 26కి దిగింది. కుండ నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో నేను నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

ఇక స్ఫటికాలు. పెట్టెలో ఇచ్చిన పటిక రెండు చెంచాలు, అది ఏ మూలకూ చాలలేదు. వై.వి. స్ట్రీట్‌లో పచారీ కొట్టుకు పోయి పావు కిలో తెచ్చాను. వేడినీళ్లలో కరిగినంత కరిగించి, దారం వేలాడదీసి, వారం ఆగమన్నారు. మా ఎండకు కిటికీ దగ్గర పెట్టిన గ్లాసు రెండు రోజుల్లోనే సగమైంది, అడుగున పంచదారలాంటి పలుకులే మిగిలాయి. నీళ్లు మెల్లగా ఇంకితేనే స్ఫటికం పెద్దదవుతుంది. రెండో గ్లాసు మెట్ల కింద, నీళ్ల కుండ పక్కన పెట్టి పైన కాగితం కప్పాం. తొమ్మిది రోజులకు రేగుపండంత స్ఫటికం వచ్చింది, ఎనిమిది ముఖాలతో, పట్టీలకు పొదిగే రాయిలాగా. నా మిషన్ పాలిస్టర్ దారానికి పలుకు పట్టలేదు, నున్నగా ఉంటుంది కదా. నూలు దారానికే పట్టింది.

849కి నేను రెండున్నర చుక్కలిస్తాను. భూతద్దం, థర్మామీటర్, వైర్లు పనికొస్తాయి, మూడొందలైతే కొనొచ్చు. పొడి ప్యాకెట్ల మీద ఏది ఏమిటో తెలుగులో రాసి ఉంటే ఇంకో అర చుక్క వేసేదాన్ని. కొనేవాళ్లు ప్రయోగాలు స్టీలు పళ్లెంలో చేయించండి.

చిన్నోడు మాత్రం పాలిస్టర్ దారం వేసిన గ్లాసును ఇంకా తీయనివ్వడం లేదు. రేపటికి వస్తుందంటాడు.