ఆసుపత్రి దగ్గరి జీరాక్స్ షాపుల్లో దొరికే మెడికల్ టర్మినాలజీ నోట్సు: కొనొచ్చా?

అనంతపురం సర్వజనాసుపత్రి దగ్గరి జీరాక్స్ షాపుల్లో ఒక స్పైరల్ నోట్సు, దానికి తోడు రింగుకు గుచ్చిన కార్డుల కట్ట అమ్ముతున్నారు. రెండూ కలిపి 180 రూపాయలు. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ పిల్లలు, మెడికల్ కోడింగ్ (జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు కొంటున్నారు. సగం బాగుంది, మిగతా సగం పెన్ను పట్టుకుని దిద్దుకోవాలి.

పదాన్ని తోక (సఫిక్స్) నుంచి విప్పమంటుంది ఈ నోట్సు. సరైన పద్ధతి అదే. పెరికార్డైటిస్‌నే చూడండి. చివర ఐటిస్, అంటే ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట). మొదట పెరి, అంటే చుట్టూ. మధ్యలో కార్డ్, అంటే గుండె; ఈ అసలు ముక్కే రూట్. గుండె చుట్టూ ఉన్న పొరకు వచ్చిన ఇన్‌ఫ్లమేషన్ అని తేలిపోతుంది. టమీ, ఎక్టమీ, ఆస్టమీ మూడింటికీ 'ఆపరేషన్' అని రాసి చేతులు దులుపుకోకపోవడం ఇంకో మంచి పని. కోత పెట్టడం, కోసి తీసేయడం, బయటికి దారి పెట్టడం అని విడివిడిగా ఇచ్చారు. కొలెక్టమీ అంటే పెద్దపేగు కొంతో మొత్తమో తీసేశారు. కొలాస్టమీ అంటే పొట్ట మీద దారి ఉంది, మలం పడే బ్యాగు మార్చే పని ఉంది.

ముక్కల మధ్యలో వచ్చే 'ఓ' దగ్గర తడబడ్డారు. గ్యాస్ట్రోస్కోపీలో ఓ ఉంటుంది, గ్యాస్ట్రైటిస్‌లో పోతుంది. సఫిక్స్ అచ్చుతో మొదలైతే ఓ ఎగిరిపోతుంది, బళ్లో చదివిన ఉత్వ సంధిలో ఉకారం పోయినట్టే. ఇంతవరకు సరే. రెండు రూట్లు కలిసేచోట మాత్రం రెండోది అచ్చుతో మొదలైనా ఓ కదలదు: గ్యాస్ట్రో (జీర్ణాశయం), ఎంటెర్ (పేగు) కలిసి గ్యాస్ట్రోఎంటెరైటిస్. ఈ ముక్క రాయలేదు. అందుకే అభ్యాసం పేజీలో జవాబు 'గ్యాస్ట్రెంటెరైటిస్' అని అచ్చయింది.

అసలు దెబ్బ కార్డుల్లో ఉంది. అంతా తెలుగు లిపిలోనే, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఎక్కడా లేదు. 'ఇలియం' అని రెండు కార్డులున్నాయి. ఒకదాని వెనక చిన్నపేగు చివరి భాగం, ఇంకోదాని వెనక తుంటి ఎముక పైభాగం. చదివేవాడు ఏమనుకోవాలి? ఐ-ఎల్-ఈ వస్తే పేగు, ఐ-ఎల్-ఐ వస్తే ఎముక. డిస్ఫేజియాదీ ఇదే గొడవ: స్పెల్లింగులో జీ ఉంటే మింగడం కష్టం, ఎస్ ఉంటే మాట్లాడటం కష్టం. కేస్ షీటు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి స్పెల్లింగ్ లేని కార్డు సగం కార్డే.

'లాటిన్ రూట్లు' అనే శీర్షిక కింద నెఫ్రో (మూత్రపిండం), గ్యాస్ట్రో, హెపాటో (కాలేయం) పెట్టారు. ఇవి గ్రీకువి. పరీక్షకు ఈ తేడా ఎందుకంటారా? అవయవం, రక్తనాళం పేర్లలో ఎక్కువగా లాటిన్, జబ్బు, ఆపరేషన్ పేర్లలో ఎక్కువగా గ్రీకు కనిపిస్తాయి. మూత్రపిండానికి వెళ్లే రక్తనాళం రీనల్ ఆర్టరీ, కానీ దాని జబ్బు నెఫ్రైటిస్. రొమ్ము ఎక్స్‌రే మామోగ్రామ్, కానీ రొమ్ము తీసేయడం మాస్టెక్టమీ... ఇక్కడే చూడండి, మామోగ్రామ్‌లో మామ్ లాటిన్, గ్రామ్ గ్రీకు. అపెండిసైటిస్ కూడా అలాంటి కలగలుపే. జంటల పట్టిక ఒక్క పేజీ వేసి ఉంటే సరిపోయేది.

అస్‌తో ముగిస్తే బహువచనం ఐ అని ఒకే సూత్రం ఇచ్చారు. బ్రాంకస్‌కు బ్రాంకై సరే. ప్లెక్సస్, సైనస్, మియేటస్‌లకు కుదరదు. లాటిన్‌లో వాటి బహువచనం రాతలో మారదు. కార్పస్‌కు కార్పొరా. ఓమా అంటే గడ్డ అన్నారు, గ్లాకోమా అనే కంటి జబ్బులో గడ్డేదీ లేదు. టైసిస్‌కు 'జారిపోవడం' అని పడింది. అది టోసిస్ అర్థం. టైసిస్ అంటే ఉమ్మడం. హీమాప్టైసిస్ అంటే దగ్గితే రక్తం పడటం.

తెలుగువాళ్ల కోసం రాసి సంస్కృతాన్ని వాడుకోకపోవడం విడ్డూరం. లాటిన్ డెన్స్ పక్కన దంతం, పెస్ పక్కన పాదం, నేసస్ పక్కన నాసిక రాస్తే బట్టీ పట్టే పనే లేదు. ఇవి ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. 'లేదు' అనే అర్థమిచ్చే 'అ' అచ్చు ముందు 'అన్' అవడం గ్రీకులోనూ సంస్కృతంలోనూ ఉంది: ఆప్నియా (శ్వాస ఆగడం), అన్యూరియా (మూత్రం రాకపోవడం), అధర్మం, అనంతం. ఊరి పేరులోనే ఉదాహరణ ఉంది, వాడుకోలేదు.

లాటిన్‌లో జెను అంటే మోకాలు, ఆజానుబాహుడిలోని జానువే. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లున్న ఈ జిల్లాలో జెను వాల్గమ్ అనే మాట చదవాల్సి వస్తుంది: మోకాళ్లు లోపలికి తగులుతూ, కింది కాళ్లు బయటికి తిరగడం. కార్డు మీద 'జెను వాల్గస్' అని ఉంది, తప్పు. జెను నపుంసక లింగం కాబట్టి వాల్గమ్. బొటనవేలు హాలక్స్ పుంలింగం, హాలక్స్ వాల్గస్. తుంటి కాక్సా స్త్రీలింగం, కాక్సా వాల్గా.

కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు కనబడతాయి. కార్డుల రంధ్రం అంచుకు మరీ దగ్గరగా కొట్టారు, నెల తిరక్కముందే చిరుగుతుంది. టేపు అంటించి మళ్లీ పంచ్ చేయించుకోండి. నోట్సు విడిగా 120కి ఇస్తారు. డబ్బు చూసుకునేవాళ్లు అది తీసుకుని, కార్డులు స్పెల్లింగుతో సహా సొంతంగా రాసుకోవడం మేలు.