కపడోషియాలో 240 యూరోల బెలూన్, అడ్డంగా పడ్డ బుట్ట

టర్కీలోని కపడోషియాలో వేడిగాలి బెలూన్ ఎక్కడానికి మనిషికి 240 యూరోలు, ముగ్గురికి 720. అక్కడి గోరెమె ఊళ్లో మేం దిగిన గుహ హోటల్ రిసెప్షన్ అతను 'ఇంతకన్నా తక్కువకి ఎక్కడా దొరకదు' అని ఒట్టేసి మరీ బుక్ చేశాడు. బుట్టలో మా పక్కనున్న జంట నేరుగా కంపెనీ దగ్గర 170కే కొన్నారట. ఆ సంగతి బయటపడేసరికి మేం గాల్లో ఉన్నాం. అప్పట్నుంచి మా ఆవిడ లోయల్ని మానేసి నన్నే చూసింది.

మొదటి రెండు రోజులూ గాలి ఎక్కువని అక్కడి పౌర విమానయాన శాఖ అనుమతి ఇవ్వలేదు. అందుకే చెబుతున్నా, వెళ్లిన మర్నాటికే బుక్ చేసుకోండి. రద్దయితే చేతిలో ఇంకో రోజైనా ఉంటుంది. మూడో రోజు తెల్లవారుజామున ఎగిరాం. ఉచిసార్ కోట, గులాబీ రంగు కొండలు ఫొటోల్లో ఉన్నట్టే ఉన్నాయి.

అసలు కథ దిగేటప్పుడు. అక్కడ గాలి నెమ్మదిగా ఉంటే బుట్టని తిన్నగా దాన్ని మోసుకెళ్లే బండి ట్రైలర్ మీదే దించేస్తారు. మాకు గాలి లేచింది. బెలూన్‌కి స్టీరింగ్ ఉండదు. పైకో కిందికో వెళ్లి, కావలసిన వైపు వీచే గాలిని వెతుక్కోవాల్సిందే. పైలట్ ఒక పొలం దగ్గరికి దించి, కరెంటు తీగలు కనబడగానే మంట పెంచి మళ్లీ లేపాడు. ఇంకోచోట కింద గండి ఉందని వదిలేశాడు. 240 పోయినా పర్లేదు, ఈయన ఎక్కడా తొందరపడకపోతే చాలనిపించింది.

దిగేటప్పుడు ఎలా ఉండాలో ఎగిరే ముందే మాచేత ప్రాక్టీస్ చేయించాడు: వెళ్లే దిక్కుకి వీపు పెట్టాలి, మోకాళ్లు వంచి కూర్చోవాలి, లోపలి తాళ్లు రెండు చేతులా పట్టుకోవాలి. మా బావమరిది మాత్రం అప్పుడు వీడియో తీస్తున్నాడు. దిగేటప్పుడూ తీయబోయాడు. పైలట్ అరిచిన అరుపుకి ఫోన్ జేబులోకి వెళ్లింది.

విశాలమైన ఖాళీ పొలం రాగానే గ్యాస్ కట్టేసి, బుట్ట నేలకి తగలగానే పైన మూత తెరుచుకునే తాడు లాగాడు. వేడిగాలి గబగబా పోవాలి కదా, లేకపోతే ఆ గుడ్డ తెరచాపలా మారి ఈడ్చుకుపోతుంది. అయినా ఒకసారి ఎగిరిపడి, ఇరవై అడుగులు జారి, పక్కకి ఒరిగింది. అందరం వెల్లకిలా, కాళ్లు ఆకాశానికి. ఎవరికీ గీత కూడా పడలేదు. 'నేను చెప్పేదాకా ఎవరూ దిగొద్దు' అన్నాడు. బరువు తగ్గితే మళ్లీ లేవచ్చట.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని దయచేసి ఎక్కించొద్దు. మా అత్తయ్యని తీసుకురానందుకు ఆ క్షణంలో దణ్ణం పెట్టుకున్నాను.

టిప్పు డబ్బాలో మా ఆవిడే 20 యూరోలు వేసింది, నన్ను అడక్కుండా. హోటల్‌కి వచ్చి తేడా 210 యూరోల గురించి అడిగితే, రిసెప్షన్ అతను నవ్వి మూడు గ్లాసుల ఆపిల్ టీ తెచ్చిపెట్టాడు. గ్లాసు 70 యూరోలు పడింది.