‘కాస్ట్’ (cost) అనే పదంతో పరీక్షించిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు

ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ఎ.ఎస్. హార్న్‌బీ, ఆయన సహచరులు కూర్చిన నిఘంటువును ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1948లో ప్రచురించింది. నేడు ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’గా పేరొందిన ఆ గ్రంథాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. నిఘంటువు సత్తా తెలియాలంటే అరుదైన పదాలను కాక, అందరి నోటా నలిగే ‘కాస్ట్’ వంటి పదాన్ని వెతకాలని నా అభిప్రాయం.

మన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు చాలావరకు ఈ పదానికి ధర, వెల, ఖరీదు, ఖర్చు అని వరుసగా ఇచ్చి ఊరుకుంటాయి. ఏది ఎక్కడ పొసగుతుందో చెప్పవు. అమ్మకానికి ఉన్న వస్తువుకు చెల్లించే మొత్తం ‘ప్రైస్’ అనీ, ఒక పని చేయడానికో, వస్తువు తయారీకో, సేవ పొందడానికో అయ్యే మొత్తానికి ‘కాస్ట్’ తగినదనీ ఈ నిఘంటువు ఉదాహరణలతో తేటతెల్లం చేస్తుంది. క్రియగా వాడినప్పుడు భూతకాలంలోనూ ‘కాస్ట్’ అనే ఉంటుందనీ, ఖర్చు అంచనా కట్టడమనే అర్థంలో మాత్రమే ‘కాస్టెడ్’ అవుతుందనీ తెలుపుతుంది. ప్రాజెక్టు నివేదికలు రాసే ఉద్యోగులకు ఈ ఒక్క భేదం ఎంతో అక్కరకు వస్తుంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ‘కాస్ట్లీ’ వివరణ. కాస్ట్లీ చీర, కాస్ట్లీ హోటల్ అని మనం అన్నప్పుడు అందులో కొంత గొప్పతనం ధ్వనిస్తుంది. ఇంగ్లీషులో మాత్రం ఆ మాటకు పెట్టదలచినదానికంటే ఎక్కువ ఖర్చయిందన్న అసంతృప్తి తరచుగా అంటుకుని ఉంటుంది. నష్టం తెచ్చిపెట్టిన పొరపాటును కూడా ‘కాస్ట్లీ మిస్టేక్’ అంటారు. కాబట్టి ఎవరైనా ఇచ్చిన విందును మెచ్చుకుంటూ ఆ మాట వాడితే మెప్పు కాస్తా ఆక్షేపణలా వినిపించవచ్చు. తెలుగువారికి ఈ హెచ్చరిక చాలా అవసరం.

ఉదాహరణల్లో పౌండ్లు, డాలర్లే ఎక్కువగా కనిపించడం మన విద్యార్థులకు కొంత పరాయిగా తోస్తుంది. అయితే నిర్వచనాలను ప్రధానంగా 3000 ముఖ్యపదాల పరిధిలోనే రాయడం వల్ల తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చినవారు కూడా వాటిని స్వయంగా అర్థం చేసుకోగలరు. ఉన్నత పాఠశాల పిల్లలకైతే మొదట్లో ఉపాధ్యాయుడు పక్కన కూర్చుని చదివించడం మంచిది.