మా రిజిస్ట్రార్‌తో ఆరేళ్లు: డీఎస్ రికార్డు తెచ్చిన తంటా

తిరుపతి గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో మా బావగారు నడుపుతున్న లాడ్జి వెబ్‌సైటుకు, రిజిస్ట్రార్ అనే పేర్లమ్మే కంపెనీ దగ్గర డాట్ కామ్ పేరు కొని ఆరేళ్లయింది. దాన్ని చూసుకునే పని మొదటి నుంచీ నాదే. బిల్లు, లాగిన్, రెన్యువల్ విషయంలో ఫిర్యాదేమీ లేదు. నా అక్కసంతా నేమ్‌సర్వర్లు (మా పేరు వివరాలు అడిగినవారికి చెప్పే కంప్యూటర్లు) మార్చే ఒక్క పేజీ మీదనే.

పోయిన ఏడాది బ్రహ్మోత్సవాలకు పది రోజుల ముందు, అప్పటిదాకా రిజిస్ట్రార్ దగ్గరే ఉన్న డీఎన్‌ఎస్‌ను (పేరును సైటు చిరునామాతో కలిపే ఏర్పాటును) హోస్టింగ్ కంపెనీకి మార్చాను. పేరు కొన్నంత మాత్రాన సైటు ఐపీ చిరునామా గాని, మెయిల్ సర్వర్ వివరం గాని డాట్ కామ్ పేర్లన్నిటి పట్టిక ఉంచే రిజిస్ట్రీకి చేరవు. ఈ పేరు సంగతి ఫలానా నేమ్‌సర్వర్లను అడగండి అనే అప్పగింతే అక్కడ ఉంటుంది. అది తెలిసినవాడినే కాబట్టి సైటు, మెయిల్ వివరాలు చెప్పే ఏ, ఎంఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులన్నీ కొత్తచోట ముందే ఎక్కించి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకనే నేమ్‌సర్వర్ల పేర్లు మార్చాను. అరగంటలో నా ఫోన్‌లో సైటు తెరుచుకుంది.

మర్నాడు చెన్నై నుంచి ఒకాయన ఫోన్ చేసి, గది బుక్ చేద్దామంటే పేజీయే రావడం లేదన్నారు. మీ నెట్ చూసుకోండి సార్ అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. సాయంత్రానికి మా రిసెప్షన్ కంప్యూటర్‌లోనూ రాలేదు. రిజిస్ట్రార్ వాళ్లను చాట్‌లో అడిగితే 48 గంటలు ఆగమన్నారు. డాట్ కామ్ జోన్‌లో నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ (ఒకసారి తెలిసిన జవాబును దాచి వాడుకునే గడువు) 1,72,800 సెకన్లు, అంటే సరిగ్గా రెండు రోజులే, కాబట్టి నమ్మి ఆగాను. మూడో రోజు గూగుల్ వారి రిజాల్వర్ (పేరుకు జవాబు వెతికి తెచ్చే సర్వర్) 8.8.8.8ను అడిగితే సర్వ్‌ఫెయిల్, అంటే జవాబు ఇవ్వలేనని వచ్చింది, నా ఫోన్ కంపెనీ రిజాల్వర్ మాత్రం సరైన జవాబే ఇచ్చింది. అప్పుడు వెలిగింది.

మొదటి ఏడాదిలో సరదాగా నొక్కిన డీఎన్‌ఎస్‌సెక్ (జవాబులు నకిలీవి కావని సంతకంతో రుజువు చేసే ఏర్పాటు) మీట వల్ల, పాత సంతకపు తాళంచెవికి ఆనవాలైన డీఎస్ రికార్డు రిజిస్ట్రీలో అలాగే ఉండిపోయింది. కొత్త నేమ్‌సర్వర్లు సంతకమే చేయవు. సంతకం సరిచూసే రిజాల్వర్లు ఆ జవాబును తోసిపుచ్చాయి, సరిచూడనివి ఊరుకున్నాయి. గదికి తాళం మార్చి, పాత తాళంచెవినే బోర్డుకు తగిలించి ఉంచినట్టయింది మా పని. ఆ డీఎస్ ఉన్నది వేరే పేజీలో, రెండు మెనూల కింద. నేమ్‌సర్వర్లు మార్చేటప్పుడు 'మీకు డీఎస్ ఉంది, ముందు అది తీయండి' అని ఒక్క వాక్యం చూపించి ఉంటే చాలు. దాన్ని తీసేశాక కూడా, దాని టీటీఎల్ 86,400 సెకన్లు కావడంతో అందరికీ సైటు తెరుచుకోవడానికి మరో రోజు పట్టింది.

రిజిస్ట్రార్ ఇచ్చిన ఈ ప్యానెల్‌ను చిన్నపిల్లలైనా నడపగలరని ఒకప్పుడు నేనే పదిమందికీ చెప్పాను. ఏమీ మార్చనంతవరకు ఆ మాట నిజమే. నేమ్‌సర్వర్లను రిజిస్ట్రార్ దగ్గరే వదిలేసేవారికి ఇది చాలు. పది సైట్లు అటూ ఇటూ మార్చే పనివారైతే నేను సిఫారసు చేయను. మాకున్నది ఒకటే పేరు, ఇప్పుడది కుదురుగా ఉంది. రిజిస్ట్రార్‌ను మార్చినా నేమ్‌సర్వర్లు మామూలుగా వాటంతట అవి మారవని బావగారికి చెప్పాను గాని, ఈ సీజన్ దాటాక చూద్దామంటున్నారు.